వాటర్లూ ఎర్రకోటు పటాలం: 28 మి.మీ. ప్లాస్టిక్ సైనికులను సిద్ధం చేసి రంగులు వేసే పద్ధతి

బల్ల మీద ఆడే యుద్ధక్రీడలో సైన్యాన్ని ఎవరూ భూతద్దం పెట్టి చూడరు. ఆడేవాళ్లు బల్లకు అటూ ఇటూ నిలబడి, మూడు నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తారు. వాళ్ల కంటికి ఆనేది ఒక్కో బొమ్మ కాదు, పాతిక ముప్పై బొమ్మల పటాలం. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ వదిలేయాలో దానంతట అదే తేలిపోతుంది. చేతిలో పట్టుకున్నప్పుడు ఎంతో ముచ్చటగా ఉండి, బల్ల మీదికి చేరేసరికి ఒకే మసక రంగులో కలిసిపోయే బొమ్మలు చాలా ఉంటాయి. తక్కువ రంగులే వాడినా, వెలుగునీడల తేడా గట్టిగా చూపిస్తే ఆ పటాలం గది అవతల నుంచి కూడా చూపును లాగుతుంది. ఇక్కడ చెప్పబోయేది ఆ రెండో రకం పని.

ఉదాహరణకు 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ ఫ్రెంచి సైన్యంతో పోరాడిన బ్రిటిష్ 33వ పదాతి పటాలాన్ని తీసుకుంటున్నాను. ఆనాటి బ్రిటిష్ సైన్యంలో అందరి కోటూ ఎరుపే అయినా, కాలరు, ముంజేతి పట్టీల రంగు పటాలానికొకటి. 33వ పటాలంతో ఒకే బ్రిగేడ్‌లో నిలబడిన 30వ పటాలానిది లేత పసుపు, 73వ పటాలానిది ముదురు ఆకుపచ్చ. 33వ దానికి మాత్రం అవి కూడా ఎరుపే. అంటే కోటు మొత్తానికి ఒకే రంగు సరిపోతుంది. మొదటిసారి పటాలం కట్టేవారికి ఇంతకంటే అనువైనది నాకు కనిపించలేదు. తెలుగు పాఠకులకు మరో ఆసక్తి కూడా ఉంది. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం వెళ్లిన దండులో, హైదరాబాదు నిజాం పంపిన సేనకు తోడుగా ఈ పటాలాన్నే ఇచ్చి, ఆ విభాగాన్ని ఆర్థర్ వెల్లెస్లీ చేతిలో పెట్టారు. పదహారేళ్ల తర్వాత వాటర్లూలో వెల్లింగ్టన్ డ్యూక్‌గా నిలిచింది ఆయనే. అయితే వాటర్లూ పెట్టెలోని బొమ్మలతో శ్రీరంగపట్నం ఆడకూడదు. అప్పటి టోపీ వేరు, కోటు కోత వేరు.

పెట్టె, పనిముట్లు

పెర్రీ, విక్ట్రిక్స్, వార్‌లార్డ్ అనే బ్రిటన్ సంస్థలు ఈ కాలపు పదాతి దళాన్ని ఇంచుమించు 28 మి.మీ. ఎత్తు బొమ్మలుగా గట్టి ప్లాస్టిక్‌లో అమ్ముతాయి. అది పాలీస్టైరీన్. గీకితే నున్నగా వస్తుంది, తగిన జిగురు పడితే కరిగి అతుక్కుంటుంది. ఇంకా చిన్న సైజులో, అంటే అసలు మనిషిలో 72వ వంతు ఉండే 1/72లో దొరికే మెత్తని వంగే ప్లాస్టిక్ బొమ్మల సంగతి వేరు. వాటికి ఈ జిగురు పట్టదు, వంచితే రంగు పెచ్చులూడుతుంది. ఈ వ్యాసం గట్టి ప్లాస్టిక్ గురించే.

కావలసినవి కొన్నే: ఒక వైపు చదునుగా ఉండే చిన్న కటింగ్ ప్లయరు, సన్నని మొన ఉన్న హాబీ కత్తి, సన్నరకం ఉప్పు కాగితం, ప్లాస్టిక్ జిగురు, బ్రష్షులు, ఆక్రిలిక్ రంగులు. రంగుల్లో వాలెజో, సిటాడెల్, ఆర్మీ పెయింటర్ వంటివి బొమ్మల కోసమే చేసినవి. వాటి వర్ణద్రవ్యం మెత్తగా ఉంటుంది కాబట్టి పలచగా వేసినా కప్పుతుంది. బొమ్మలు గీయడానికి వాడే ట్యూబు ఆక్రిలిక్‌లు చిక్కగా ఉండి చిన్న వివరాలను పూడ్చేస్తాయి. వాటిని నేల, మట్టి వేయడానికి ఉంచుకోండి.

డబ్బు ఎక్కడైనా కాస్త ఎక్కువ పెట్టాలంటే బ్రష్షు మీద పెట్టండి. సన్నని పనికి సన్నని బ్రష్షు కావాలనుకుని చాలామంది మూడు సున్నాల సైజు కొంటారు. దాని కడుపులో రంగు నిలవదు, బొమ్మను తాకేలోపే కొన మీద ఎండిపోతుంది. మొన సూదిలా నిలిచే 1వ నంబరు బ్రష్షు ఒక్కటి ఉంటే కనుబొమ్మ నుంచి కోటు దాకా దానితోనే వేయవచ్చు. వెంట్రుకలను బిగించిన లోహపు తొడుగు దాకా రంగు ఎక్కనివ్వకండి, పని అయ్యాక సబ్బుతో కడిగి వేళ్లతో మొన సరిచేయండి. ఎండు బ్రష్షు పనికి (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్షుతో ఎత్తుగా ఉన్న చోట్ల మీద రుద్దడానికి), వెండి, ఇత్తడి రంగులకు పాతవి విడిగా పెట్టుకోండి. లోహపు రంగులోని రేణువులు నీళ్లలో కలిస్తే తర్వాత వేసే ప్రతి రంగులోనూ మెరుస్తాయి. కాబట్టి ఆ రంగులు అయ్యాక నీళ్లు మార్చండి.

విడదీయడం, గీకడం

భాగాలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. ముందు చట్రాన్ని గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పాత పళ్ల బ్రష్షుతో రుద్ది ఆరబెట్టండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు.

భాగాన్ని కత్తిరించేటప్పుడు ఒకేసారి అంచుకు ఆనించి నొక్కకండి. మొదట కాస్త దూరంగా తెంపి, మిగిలిన ముక్కను రెండో కోతలో తీసేయండి. తుపాకీ గొట్టం, బాయ్‌నెట్ లాంటి సన్నని చోట్ల ఒకే కోతకు ప్లాస్టిక్ వంగి తెల్లబారుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది.

ఆ తర్వాత చేసే పని మీదే బొమ్మ అందం సగం ఆధారపడి ఉంటుంది. అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ చుట్టూ వెంట్రుకంత గీత మిగులుతుంది. ఉత్త ప్లాస్టిక్ మీద అది కనిపించదు. రంగు వేసి, పైన పలచని గోధుమ రంగు పారించగానే, ఆ గీత దగ్గర రంగు ఆగి నల్లని చారలా తేలుతుంది. అప్పుడు చేయగలిగింది ఉండదు. బొమ్మను దీపం కింద పక్కకు తిప్పుతూ వెతకండి. టోపీ పైభాగం, భుజం నుంచి మోచేయి వరకు, ప్యాంటు బయటి అంచు, తుపాకీ పొడవునా తప్పకుండా ఉంటుంది. కత్తి పదునుతో కోయకుండా, కత్తి వెనుక అంచును గీత మీద నిలువుగా ఆనించి మెల్లగా గీకండి. సన్నని పొట్టులా లేచి వస్తుంది. గోరు నడిపి చూసి తగలకపోతే వదిలేయండి. వీపు సంచి వెనుక దాగిపోయే భాగాల మీద సమయం వృథా చేయకండి, వాటిని ఎవరూ చూడరు.

అతికించడం

ప్లాస్టిక్ జిగురు అసలు పని అంటించడం కాదు, కరిగించడం. రెండు అంచులనూ కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. అందుకే చుక్క చాలు. ఎక్కువైతే ముఖం మీదికి పాకి కళ్లూ ముక్కూ కరిగిపోతాయి. కిటికీ తెరిచి పని చేయండి, ఆ ఆవిరి మంచిది కాదు. ఫెవిక్విక్ వంటి వేగపు జిగురు ప్లాస్టిక్‌ను కరిగించదు కాబట్టి ఆ అతుకు అంత గట్టిగా ఉండదు. బొమ్మలో లోహపు భాగాలు ఉంటేనే అది వాడండి.

అతుకుల దగ్గర సందు మిగిలితే ఒక చిట్కా ఉంది. చట్రం ముక్కలను చిన్నగా తరిగి, ప్లాస్టిక్ జిగురు ఉన్న పాత సీసాలో వేసి ఒక రాత్రి ఉంచండి. అవి కరిగి చిక్కని గుజ్జవుతాయి. దాన్ని పుల్లతో సందులో నింపి, పూర్తిగా గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో రుద్దితే అతుకు ఉందన్న గుర్తే ఉండదు. బయట కొనే పుట్టీ కంటే ఇది మేలు, ఎందుకంటే బొమ్మ ప్లాస్టికూ ఇదీ ఒకటే.

జిగురు పెట్టే ముందు పటాలం ఎలా నిలబడాలో తేల్చుకోండి. బ్రిటిష్ పదాతి రెండు వరుసలుగా నిలిచి పోరాడేది. 45 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. లోతు ఉన్న పలక మీద ముందు ముగ్గురు, వెనుక ముగ్గురు చక్కగా సరిపోతారు. అలాంటి పలకలు నాలుగైతే 24 మంది పటాలం. బాయ్‌నెట్లు, వీపు సంచులు ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి రంగులకు ముందే పలక మీద నిలబెట్టి చూడండి. ఒకే పలక మీద ఒకరు గురి చూస్తూ, మరొకరు నడుస్తూ, ఇంకొకరు గుండు దట్టిస్తూ ఉంటే పటాలం చెదిరిన గుంపులా కనిపిస్తుంది. భుజాన తుపాకీతో అందరూ నడిచే భంగిమ ఎంచుకుని, తలలు మాత్రం కొద్దికొద్దిగా వేర్వేరు వైపులకు తిప్పండి. అప్పుడు క్రమశిక్షణా కనిపిస్తుంది, మనుషులూ కనిపిస్తారు.

అస్తరు

ఉత్త ప్లాస్టిక్ మీద ఆక్రిలిక్ నిలవదు, ముందు ప్రైమర్ పూత ఉండాలి. స్ప్రే డబ్బాను 20 నుంచి 30 సెం.మీ. దూరంలో పట్టుకుని, బొమ్మకు ఇవతల నొక్కడం మొదలుపెట్టి అవతల ఆపుతూ పలచగా రెండు మూడు సార్లు వేయండి. ముక్కుకు మాస్కు కట్టుకుని ఆరుబయట వేయాలి.

మన వాతావరణంలో ఇక్కడే చిక్కు వస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో ముసురు పట్టిన రోజు స్ప్రే చేస్తే గాలిలోని తేమ పూతలో చిక్కి బూడిద పట్టినట్టు తెల్లబారుతుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో విజయవాడలోనో వేస్తే బొమ్మను చేరేలోపే తుంపర గాలిలో ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వేసవిలో తెల్లవారాక తొలి గంటల్లో వేయండి. వానాకాలంలో బ్రష్షుతో పూసే ఆక్రిలిక్ ప్రైమర్ వాడుకోండి. స్ప్రే డబ్బాలను విమాన పార్శిల్‌లో పంపనివ్వరు కాబట్టి దూరం నుంచి తెప్పించుకునేవారికి కూడా సీసా ప్రైమరే సులువు.

రంగు విషయంలో నా ఎంపిక మధ్యస్థ బూడిద రంగు. నల్ల అస్తరు మీద ఎరుపు చచ్చిపోతుంది, నాలుగు పూతలు వేసినా లోపలి నలుపు తొంగి చూస్తుంది. తెలుపు మీదైతే బ్రష్షు అందని ప్రతి మూలా తెల్లగా మెరిసి తప్పును పట్టిస్తుంది.

రంగులు వేసే క్రమం

బొమ్మల పాదాలను రెండు వైపులా అంటుకునే టేపుతో చెక్క పుల్లల మీద నాలుగేసి చొప్పున నిలబెట్టండి. ఒక విడతకు ఎనిమిది చాలు. ఎనిమిదింటికీ ఒకే రంగు వేసుకుంటూ పోతే చివరిదానికి చేరేసరికి మొదటిది ఆరి ఉంటుంది. ఇరవై నాలుగూ ఒకేసారి మొదలుపెడితే ఒక్కో రంగు దగ్గరే ఓపిక అయిపోతుంది.

రంగును పాల చిక్కదనానికి పలచన చేసి, రెండు పూతలు వేయండి. ఫ్యాను కింద రంగు క్షణాల్లో ఎండిపోతుంది కాబట్టి తడి పళ్లెం తప్పనిసరి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడిపిన స్పాంజి, పైన బేకింగ్ కాగితం పరిచి రంగు దాని మీద వేసుకోండి. మూత పెడితే కలిపిన రంగు మర్నాటికి కూడా నిలుస్తుంది.

క్రమం ఎప్పుడూ లోపలి నుంచి బయటికి. ముందు చర్మం, తర్వాత ప్యాంటు, కోటు, ఆపై పట్టీలు, సంచులు, చివరకు తుపాకీ. లోపలి భాగానికి వేసేటప్పుడు బయటి భాగానికి అంటినా పరవాలేదు, తర్వాతి రంగు దాన్ని కప్పేస్తుంది.

కోటు ఎరుపుకు మూడు మెట్లు. మొదట ఇటుక రంగుకు దగ్గరగా ఉండే ఎర్రటి గోధుమ మొత్తం వేయండి. దాని మీద అసలు ఎరుపు, మడతల లోతుల్లో ఇటుక రంగు మిగిలేలా. చివరకు భుజాలు, మోచేతులు, మడతల గట్ల మీద ఎరుపులో కాస్త నారింజ కలిపి సన్నగా తాకించండి. ఎరుపును వెలిగించడానికి తెలుపు కలపకండి, గులాబీ రంగవుతుంది. నీడకు నలుపు కలపకండి, మురికిగా మారుతుంది. చరిత్ర కూడా ఇక్కడ తోడొస్తుంది. మామూలు సైనికుల కోట్ల ఉన్నికి మంజిష్ఠ జాతి మొక్క వేరుతో అద్దకం వేసేవారు. ఆ ఎరుపు కాస్త మబ్బుగా ఉండి, ఎండకూ వానకూ ఇంకా వెలిసేది. అధికారుల కోట్లకు కోచినీల్ పురుగు నుంచి తీసిన నిగనిగలాడే ఎరుపు. సార్జెంట్లకు కూడా మేలురకం గుడ్డే. కాబట్టి సైనికుల ఎరుపును కాస్త గోధుమ వైపు ఉంచి, అధికారులకు స్వచ్ఛమైన ఎరుపు వేస్తే పటాలంలో అధికారి ఎక్కడున్నాడో వెదకాల్సిన పని ఉండదు.

ప్యాంటు నీలి ఛాయ ఉన్న బూడిద రంగు. ముందు రోజు, జూన్ 17న, కుండపోత వాన కురిసింది. సైనికులు బురదలోనే రాత్రి గడిపారు. అందుకే మోకాళ్ల కింద మట్టి రంగును పాత బ్రష్షుతో అద్దడం అలంకారం కాదు, జరిగినదే. షాకో అనే గొట్టంలా ఎత్తైన టోపీ నలుపు. ఉత్త నలుపు వదిలేస్తే రంధ్రంలా కనిపిస్తుంది, అంచుల మీద ముదురు బూడిదతో ఒక గీత లాగండి. టోపీ ముందు బిళ్ల ఇత్తడి, తాడు తెలుపు. ఎడమ పక్కన ఉండే కుచ్చు మధ్య దళాలకు పైన తెలుపు, కింద ఎరుపు. కుడి చివర నిలిచే గ్రెనేడియర్ దళానికి పూర్తి తెలుపు, ఎడమ చివరి తేలికపాటి దళానికి ఆకుపచ్చ.

వీపు సంచి నలుపు, దాని మీద చుట్టిన పెద్దకోటు బూడిద రంగు, నీళ్ల డబ్బా వెలిసిన లేత నీలం, తిండి సంచి మాసిన నార గుడ్డ రంగు. తుపాకీ కొయ్య ఎర్రటి గోధుమ, గొట్టం ఉక్కు, దాని బిగింపులు ఇత్తడి. ఈ చివరిది మరిచిపోకండి. ఎదుటి ఫ్రెంచి పదాతి తుపాకీకి బిగింపులు ఉక్కువి. బల్ల మీద రెండు సైన్యాలూ ఎదురుపడినప్పుడు ఆ ఇత్తడి చుక్కలు తేడా చూపిస్తాయి.

ముఖం దగ్గర ఆగండి

కన్ను మొదట వెతుక్కునేది ముఖాన్నే. మిగతా చోట్ల మూడడుగుల దూరం లెక్క, ఇక్కడ మాత్రం తీరిగ్గా కూర్చోండి. ముఖమంతా ఎర్రమట్టి ఛాయ ఉన్న గోధుమ రంగు వేయండి. ఆరాక చర్మం రంగు తీసుకుని కనుగుంతలు, ముక్కు పక్కలు, పెదవి కింది గీత, గడ్డానికి కట్టిన పట్టీ అంచు వదిలేసి మిగతాదంతా కప్పండి. ఇప్పుడే ముఖం కనబడడం మొదలవుతుంది. తర్వాత చర్మం రంగులో కాస్త తెలుపు కలిపి ముక్కు దూలం మీద నిలువుగా ఒక గీత, రెండు చెంపల మీద చెరో చుక్క, గడ్డం మీద ఒకటి. కింది పెదవికి ఎరుపు కలిసిన చర్మం రంగు తాకిస్తే చాలు. పలచని బూడిద నీలం దవడ మీద రుద్దితే రెండు రోజుల మాసిన గడ్డం వస్తుంది.

కళ్లు వేయకండి. ఈ సైజులో తెల్లగుడ్డు, నల్లపాప వేస్తే ప్రతి సైనికుడూ ఉలిక్కిపడినట్టు కనిపిస్తాడు. కనుగుంతలో మిగిలిన ముదురు గోధుమే చూపుగా అనిపిస్తుంది. అదే వరసలో వేళ్ల కణుపుల మీద కూడా లేత రంగు తాకించండి.

తెల్ల పట్టీలు, పలచని నీడ

ఎర్రని ఛాతీ మీద అడ్డంగా దాటే రెండు తెల్ల పట్టీలే ఈ సైన్యం గుర్తు. దూరం నుంచి కనిపించేది కూడా అవే. వాటిని నేరుగా తెలుపుతో మొదలుపెడితే సుద్దలా, వంకరగా వస్తాయి. మొదట లేత బూడిద రంగు మొత్తం పట్టీ వెడల్పునా వేయండి. ఎరుపు మీదికి జారితే ఎరుపుతో సరిదిద్దండి.

ఇప్పుడు పలచని గోధుమ రంగు వాష్‌ను, అంటే నీళ్లలా పారే నీడ రంగును, కోటు మడతల్లోకి, పట్టీల అంచుల్లోకి, చేతివేళ్ల మధ్యకు పారించండి. బొమ్మ మొత్తాన్ని ముంచేయకండి, గుంతలు ఉన్న చోటే పెట్టి, ఎక్కడైనా మడుగు కడితే పొడి బ్రష్షుతో పీల్చేయండి. పూర్తిగా ఆరాక పట్టీ మధ్యలో మాత్రం స్వచ్ఛమైన తెలుపు లాగండి, రెండంచులా బూడిద వదులుతూ. పట్టీలు కలిసే చోట ఇత్తడి బిళ్ల ఒక చుక్క. కోటు ముందు గుండీల వద్ద ఉండే తెల్లని అల్లికకు బొమ్మ మీద ఉబ్బెత్తుగా ఉన్న చోటల్లా తెలుపు తాకిస్తే సరి. ఆ అల్లికల్లో పటాలానికొక రంగు దారం ఉండేది గానీ ఈ సైజులో దాని జోలికి పోవద్దు. ముందు పట్టీలు శుభ్రంగా ఉంటే వీపు వైపు ఎంత తొందరగా ముగించినా చెల్లుతుంది.

అధికారులు, డప్పు, జెండాలు

అధికారి నడుముకు ముదురు ఎరుపు పట్టు చుట్టు, అల్లికలు వెండివి. సార్జెంటు చేతిలో తొమ్మిది అడుగుల బల్లెం. డప్పు వాయించేవారి కోటు సాధారణంగా కాలరు రంగులో ఉండేది. కాలరు రంగు ఎరుపైన పటాలాల్లో అదీ ఎరుపైతే తేడా ఉండదు కాబట్టి వారికి తెల్ల కోటు, దానికి ఎర్ర కాలరు. ఎర్ర పటాలం నడుమ ఒక్క తెల్ల కోటు చూడముచ్చటగా ఉంటుంది.

జెండాలు రెండు. ఒకటి రాజు జెండా, బ్రిటన్ జాతీయ పతాకమే. రెండోది పటాలం జెండా, మామూలుగా కాలరు రంగు గుడ్డ. కానీ 33వ పటాలానికి మళ్లీ అదే చిక్కు, అందుకే తెల్ల గుడ్డ మీద పెద్ద ఎర్ర శిలువ, పైమూలలో చిన్న జాతీయ పతాకం. అసలు జెండా ఆరడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల పొడవు. మన సైజుకు లెక్కేస్తే ఇంచుమించు 33 మి.మీ. ఎత్తు, 35 మి.మీ. పొడవు. కాగితం మీద ముద్రించి, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూసి, తడిగా ఉండగానే కర్రకు చుట్టి పెన్సిలు మీద అలలుగా వంచండి. ఎండాక కాగితం తెల్ల అంచు కనిపిస్తుంది, దానికి పక్కనున్న రంగే పూయండి.

వార్నిష్, నేల, భద్రం

ఆటలో బొమ్మలను వందసార్లు చేత్తో పట్టుకుంటారు. ముందు మెరిసే వార్నిష్ ఒక పూత, అది ఆరాక మెరుపు చంపే మ్యాట్ వార్నిష్ మరో పూత. గట్టిదనం మొదటిది ఇస్తుంది, చూపు రెండోది ఇస్తుంది. తేమ రోజుల్లో స్ప్రే వార్నిష్ కూడా ప్రైమర్‌లాగే తెల్లబారుతుంది. అక్కడైతే పూర్తయిన పనే పాడవుతుంది కాబట్టి వానాకాలంలో బ్రష్షు వార్నిష్ తప్ప మరొకటి వాడకండి.

పలకకు ఫెవికాల్ పూసి జల్లించిన సన్న ఇసుక అద్దండి. గట్టిపడ్డాక ముదురు గోధుమ, పైన లేత గోధుమ ఎండు బ్రష్షుతో. వాటర్లూ పొలాల్లో ఆ రోజు ఎత్తుగా పెరిగిన రై పైరు దళాల అడుగుల కింద నలిగి బురదలో కలిసింది. అందుకే పచ్చిక కొద్దిగా, ఎండుగడ్డి రంగు పీచు కాస్త ఎక్కువగా, అడ్డంగా పడి ఉన్నట్టు అంటించండి. పలకలన్నిటి అంచుకు ఒకే గోధుమ రంగు వేయండి.

పలకల అడుగున పలచని అయస్కాంతపు షీటు అంటించి, రేకు డబ్బాలో నిలబెడితే ఆటో కుదుపులకు కూడా బాయ్‌నెట్లు విరగవు. డబ్బాను బీరువాలో పెట్టండి, వేసవిలో కారు డిక్కీలో వదలకండి. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి తుపాకులు వంగిపోతాయి.